పాలిమర్ ద్రవాల ప్రవాహం: ఘన తలం వద్ద జారుడుపై ఉష్ణోగ్రత ప్రభావం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- జారుడు దూరం అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
- పాలిమర్ ద్రవాలు నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఎందుకు జారతాయో వివరించగలుగుతారు.
- ఉష్ణోగ్రత పెరిగినప్పుడు జారుడు దూరం పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది లెక్క కట్టి చెప్పగలుగుతారు.
- జారుడు వేగానికీ, జారుడు దూరానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లాలో చీనీ తోటకు నీళ్లు పెట్టే డ్రిప్పు పైపును మీరు చూసే ఉంటారు. వేలితో తడిమితే నున్నగా ఉంటుంది. అది పాలిథిలీన్ అనే పాలిమర్‌తో తయారైనది. ఫ్యాక్టరీలో పాలిథిలీన్ గింజలను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి కరిగిస్తారు. ఆ చిక్కని ద్రవాన్ని లోహపు అచ్చులోని ఇరుకైన వలయాకారపు సందు గుండా నెట్టి, బయటికి వచ్చిన గొట్టాన్ని నీళ్లలో చల్లారుస్తారు. వేగం మరీ పెంచితే పైపు ఉపరితలం సొరచేప చర్మంలా గరుకుగా మారుతుంది.

ఈ నునుపు, గరుకు తేడా చాలావరకు లోహపు గోడ దగ్గరి పలుచని ప్రాంతంలో జరిగేదాన్ని బట్టి ఉంటుంది. అక్కడ ద్రవం గోడను అంటిపెట్టుకుంటుందా, జారుతుందా? ఉష్ణోగ్రతను మార్చితే ఆ ప్రవర్తన ఎలా మారుతుంది? ఈ పాఠంలో చర్చించే ప్రశ్నలు ఇవే.

ఈ విషయంలో విద్యార్థులు తరచు చేసే పొరపాటును ముందే చెబుతాను. "వేడిచేస్తే ద్రవం పలుచబడుతుంది, పలుచబడితే జారుడు పెరుగుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నేను తరగతి గదిలో ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ వచ్చిన మొదటి సమాధానం ఇదే. ఇందులో మొదటి సగం సరైనదే. రెండో సగం మాత్రం కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం. ఎప్పుడు ఏది నిజమో తెలుసుకోవడానికి కొంత పునాది కావాలి.

2. జారుడు దూరం

ద్రవగతిశాస్త్రంలో మీరు ఒక నియమం చదివారు: ఘన తలాన్ని తాకుతున్న ద్రవపు పొర వేగం ఆ తలం వేగానికి సమానం. తలం నిశ్చలంగా ఉంటే ఆ పొర కూడా నిశ్చలంగానే ఉంటుంది. దీన్ని జారుడులేని నియమం అంటారు. నీరు, నూనె వంటి సాధారణ ద్రవాలు మామూలు గొట్టాల్లో ప్రవహించేటప్పుడు ఈ నియమం చక్కగా సరిపోతుంది.

అయితే ఇది ప్రకృతి సూత్రమేమీ కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త నేవియర్ 1823లోనే ఇంతకంటే విస్తృతమైన నియమాన్ని ప్రతిపాదించాడు. ద్రవం గోడ మీద కొంత వేగంతో జారవచ్చు. ఆ జారుడు వేగం, గోడ దగ్గర ఉన్న వేగ ప్రవణతకు అనులోమానుపాతంలో ఉంటుంది.

జారుడు వేగం = జారుడు దూరం × వేగ ప్రవణత ... (1)

జారుడు దూరానికి ఒక సులభమైన జ్యామితీయ అర్థం ఉంది. గోడకు దగ్గరగా ఉన్న ద్రవపు పొరల వేగాలను గ్రాఫుగా గీయండి. ఆ సరళరేఖను గోడ లోపలికి పొడిగించండి. వేగం సున్న అయ్యే బిందువు గోడ ఉపరితలానికి ఎంత లోతులో ఉందో, ఆ లోతే జారుడు దూరం. జారుడు లేకపోతే ఈ లోతు సున్న.

ఇప్పుడు గోడ మీద పనిచేసే బలాన్ని చూద్దాం. ద్రవం గోడను తనతో లాగుతుంది. ఏకాంక వైశాల్యంపై పనిచేసే ఈ స్పర్శీయ బలాన్ని స్పర్శీయ ప్రతిబలం అంటాం. దీన్ని రెండు విధాలుగా రాయవచ్చు. ద్రవం వైపు నుంచి చూస్తే,

స్పర్శీయ ప్రతిబలం = స్నిగ్ధత × వేగ ప్రవణత ... (2)

గోడ వైపు నుంచి చూస్తే,

స్పర్శీయ ప్రతిబలం = గోడ ఘర్షణ గుణకం × జారుడు వేగం ... (3)

ఇక్కడి గోడ ఘర్షణ గుణకం, ఘనపదార్థాల ఘర్షణలో మీరు చదివిన ప్రమాణంలేని గుణకం కాదని గమనించండి. సెకనుకు ఒక మీటరు వేగంతో జారడానికి ఎంత ప్రతిబలం కావాలో ఇది చెబుతుంది.

(2), (3) రెండూ ఒకే ప్రతిబలాన్ని సూచిస్తాయి. వాటిని సమానం చేసి, (1)తో పోల్చితే,

జారుడు దూరం = స్నిగ్ధత ÷ గోడ ఘర్షణ గుణకం ... (4)

ఈ పాఠానికంతటికీ ఆధారం (4)వ సమీకరణమే. జారుడు దూరం అనేది రెండు ఘర్షణల నిష్పత్తి. లవంలో ఉన్నది ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి కదిలేటప్పుడు కలిగే అంతర్ఘర్షణ. హారంలో ఉన్నది ద్రవానికీ గోడకూ మధ్య ఉన్న ఘర్షణ.

3. పాలిమర్ ద్రవాలు అంతగా ఎందుకు జారతాయి?

నీటి వంటి చిన్న అణువుల ద్రవాలకు ఈ రెండు ఘర్షణలు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. నీళ్లు అంటని నున్నని తలం మీద కూడా నీటి జారుడు దూరం మహా అయితే కొన్ని పదుల నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు గొట్టంలో దాన్ని పట్టించుకోనక్కరలేదు.

పాలిమర్ ద్రవంలో పరిస్థితి వేరు. ప్రతి అణువూ వేల యూనిట్లున్న పొడవాటి గొలుసు. ఆ గొలుసులు గిన్నెలో ఉడికిన సేమియాలా ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఒక గొలుసు కదలాలంటే చుట్టూ ఉన్న గొలుసుల మధ్య నుంచి పాములా పాక్కుంటూ రావాలి. అందువల్ల గొలుసు పొడవు పెరిగేకొద్దీ స్నిగ్ధత విపరీతంగా పెరుగుతుంది. చిక్కులు ఏర్పడేంత పొడవైన గొలుసులకు స్నిగ్ధత, అణుభారం 3.4వ ఘాతానికి అనుపాతంలో ఉంటుందని ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే అణుభారం రెట్టింపైతే స్నిగ్ధత పదిరెట్లకు పైగా పెరుగుతుంది.

గోడ మాటేమిటి? గోడ నున్నగా ఉండి, గొలుసులు దానికి అంటుకోకపోతే, గోడకు తగిలేవి గొలుసుల్లోని చిన్న చిన్న ముక్కలు మాత్రమే. ఆ ముక్క పది యూనిట్ల గొలుసుదా, పదివేల యూనిట్ల గొలుసుదా అన్నది గోడకు తెలియదు. కనుక గోడ ఘర్షణ గుణకం గొలుసు పొడవుపై ఆధారపడదు.

ఇప్పుడు (4)వ సమీకరణాన్ని చూడండి. లవం వేలరెట్లు పెరిగింది, హారం మారలేదు. కాబట్టి జారుడు దూరం వేలరెట్లు పెరగాలి. ఈ తర్కాన్ని 1979లో ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పియర్ జీల్ ద జెన్ ముందుకు తెచ్చాడు. ఆయనకు 1991లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తరవాతి ప్రయోగాల్లో పాలిమర్ ద్రవాల జారుడు దూరం పదుల మైక్రోమీటర్ల వరకూ, అంతకు మించీ కనబడింది. వెంట్రుక మందంతో పోల్చదగిన దూరం ఇది.

4. ఉష్ణోగ్రత రెండు చోట్ల పనిచేస్తుంది

ద్రవంలో ఒక గొలుసు ముక్క పక్క స్థానానికి జరగాలంటే ఒక శక్తి అవరోధాన్ని దాటాలి. ఈ అవరోధాన్ని స్నిగ్ధతా ఉత్తేజన శక్తి అందాం. ఉష్ణోగ్రత పెరిగితే అవరోధాన్ని దాటే ముక్కల సంఖ్య పెరుగుతుంది, స్నిగ్ధత తగ్గుతుంది. రసాయన చర్యల వేగానికి మీరు చదివిన అరీనియస్ సమీకరణం ఇక్కడా వర్తిస్తుంది. అవరోధం ఎంత ఎత్తైతే స్నిగ్ధత అంత వేగంగా పడిపోతుంది.

గోడ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. అయితే అక్కడ గొలుసు ముక్క దాటవలసిన అవరోధం వేరు. అది ఆ ముక్కకూ గోడ అణువులకూ మధ్య ఉన్న ఆకర్షణను బట్టి ఉంటుంది. దీన్ని గోడ ఉత్తేజన శక్తి అందాం. ఉష్ణోగ్రత పెరిగితే గోడ ఘర్షణ గుణకం కూడా తగ్గుతుంది, కానీ తనదైన రేటులో తగ్గుతుంది.

అంటే (4)లో లవం, హారం రెండూ తగ్గుతాయి. ఏది ఎక్కువ వేగంగా తగ్గుతుందన్నదే ప్రశ్న. మూడు సందర్భాలున్నాయి:

(అ) స్నిగ్ధతా ఉత్తేజన శక్తి ఎక్కువైతే, ఉష్ణోగ్రతతోపాటు జారుడు దూరం తగ్గుతుంది.
(ఆ) గోడ ఉత్తేజన శక్తి ఎక్కువైతే, జారుడు దూరం పెరుగుతుంది.
(ఇ) రెండూ సమానమైతే, జారుడు దూరం మారదు.

ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. ఫ్రాన్సులోని ఓర్సేలో పరిశోధకులు పాలీడైమిథైల్ సైలాక్సేన్ అనే సిలికోన్ ద్రవంతో చేసిన ప్రయోగాల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వారు ఒకే ద్రవాన్ని రెండు రకాల తలాల మీద ప్రవహింపజేశారు. ఒకటి, పొడవాటి హైడ్రోకార్బన్ తోకలున్న సైలేన్ అణువులతో కప్పిన తలం. రెండోది, పొట్టి సిలికోన్ గొలుసులను నాటిన తలం. రెండింటి మీదా జారుడు దూరం స్నిగ్ధతకు అనుపాతంలోనే ఉంది. కానీ ఉష్ణోగ్రతతో అది మారే తీరు తలాన్ని బట్టి వేరుగా ఉంది.

అదే ప్రయోగంలో మరో ముఖ్యమైన విషయం తేలింది. అదే పాలిమర్ గొలుసులను రసాయనికంగా ముడివేస్తే రబ్బరు వస్తుంది. రబ్బరు ప్రవహించదు. అయినా ఆ రబ్బరు ముక్కను అవే తలాల మీద జార్చినప్పుడు, ఘర్షణ ఉష్ణోగ్రతతో మారిన తీరు ద్రవానికి ఉన్నట్లే ఉంది. గోడ ఘర్షణ అనేది గోడను తాకే ముక్కలకు సంబంధించిన స్థానిక విషయమనీ, వెనక ఉన్న పదార్థం ప్రవహిస్తుందా లేదా అన్నదానితో దానికి పనిలేదనీ దీన్ని బట్టి అర్థమవుతుంది.

5. సాధించిన సమస్య

ఒక పాలిమర్ ద్రవపు స్నిగ్ధతా ఉత్తేజన శక్తి మోల్‌కు 15 కిలోజౌళ్లు. 300 కెల్విన్ వద్ద దాని జారుడు దూరం క, ఖ అనే రెండు తలాల మీదా 30 మైక్రోమీటర్లే. గోడ ఉత్తేజన శక్తి క తలానికి మోల్‌కు 8 కిలోజౌళ్లు, ఖ తలానికి 20 కిలోజౌళ్లు అనుకుందాం. ఉష్ణోగ్రతను 350 కెల్విన్‌కు పెంచితే జారుడు దూరాలు ఎంత అవుతాయి?

సాధన: ముందుగా రెండు ఉష్ణోగ్రతల విలోమాల భేదం కట్టాలి. 1/300 − 1/350 = 0.000476. వాయు స్థిరాంకం 8.314 జౌళ్లు.

స్నిగ్ధతకు ఘాతాంకం: (15000 ÷ 8.314) × 0.000476 = 0.859. ఈ ఘాతాంకంతో స్నిగ్ధత 0.42 వంతుకు తగ్గుతుంది.

క తలానికి ఘాతాంకం: (8000 ÷ 8.314) × 0.000476 = 0.458. గోడ ఘర్షణ 0.63 వంతుకు తగ్గుతుంది. జారుడు దూరం = 30 × 0.42 ÷ 0.63 = 20 మైక్రోమీటర్లు.

ఖ తలానికి ఘాతాంకం: (20000 ÷ 8.314) × 0.000476 = 1.145. గోడ ఘర్షణ 0.32 వంతుకు తగ్గుతుంది. జారుడు దూరం = 30 × 0.42 ÷ 0.32 = సుమారు 40 మైక్రోమీటర్లు.

ద్రవం ఒకటే, ఉష్ణోగ్రత పెంపు ఒకటే. అయినా ఒక తలం మీద జారుడు దూరం 30 నుంచి 20కి పడింది, ఇంకో తలం మీద 40కి పెరిగింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. క తలం మీద గోడ ఘర్షణ తగ్గింది కదా, మరి జారుడు తగ్గిందని ఎలా అంటాం? జవాబు మనం దేన్ని స్థిరంగా ఉంచామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రతిబలాన్ని స్థిరంగా ఉంచితే, (3)వ సమీకరణం ప్రకారం జారుడు వేగం గోడ ఘర్షణకు విలోమానుపాతంలో ఉంటుంది. గోడ ఘర్షణ తగ్గింది కనుక జారుడు వేగం రెండు తలాల మీదా పెరుగుతుంది. క తలం మీద 1.58 రెట్లు పెరుగుతుంది. కానీ ద్రవం లోపలి వేగ ప్రవణత అంతకంటే ఎక్కువగా, 2.36 రెట్లు పెరిగింది. మొత్తం కదలికలో జారుడు వాటా తగ్గింది.

వేగాన్ని స్థిరంగా ఉంచితే ఈ వాటా నేరుగా కనబడుతుంది. 30 మైక్రోమీటర్ల ఎడంలో రెండు పలకలున్నాయి. పైపలక కదులుతోంది, దాని వద్ద జారుడు లేదు. కింది పలక మాత్రమే జారుడు తలం. అప్పుడు కింది పలక వద్ద జారుడు వేగం, పైపలక వేగంలో ఇంత భాగం:

జారుడు దూరం ÷ (ఎడం + జారుడు దూరం) ... (5)

300 కెల్విన్ వద్ద ఇది 50 శాతం. 350 కెల్విన్ వద్ద క తలం మీద 40 శాతం, ఖ తలం మీద 57 శాతం. "జారుడు పెరిగిందా?" అని ఎవరైనా అడిగితే, "ఏ తలం మీద? ప్రతిబలం స్థిరమా, వేగం స్థిరమా?" అని మీరు ఎదురు ప్రశ్న వేయాలి.

6. పై వివరణకు ఉన్న హద్దులు

గాజు పరివర్తన: పాలిమర్‌ను చల్లారిస్తే ఒక ఉష్ణోగ్రత వద్ద అది గాజులా బిగుసుకుంటుంది. దాన్ని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. పైన చెప్పిన సిలికోన్‌కు ఇది సుమారు −125 డిగ్రీల సెల్సియస్, పాలీస్టైరీన్‌కు సుమారు 100 డిగ్రీలు. గది ఉష్ణోగ్రత వద్ద సిలికోన్ తన గాజు పరివర్తనకు చాలా దూరంలో ఉంటుంది కనుక అరీనియస్ సమీకరణం సరిపోతుంది. పాలీస్టైరీన్‌ను 110 డిగ్రీల వద్ద పరిశీలిస్తే ఆ సమీకరణం పనికిరాదు. అక్కడ విలియమ్స్, లాండెల్, ఫెర్రీ 1955లో ఇచ్చిన సూత్రాన్ని వాడాలి. వారి సాధారణ స్థిరాంకాల ప్రకారం స్నిగ్ధత నిష్పత్తికి 10 ఆధారంగా సంవర్గమానం:

−17.44 × ఎడం ÷ (51.6 + ఎడం) ... (6)

ఇక్కడ ఎడం అంటే గాజు పరివర్తన నుంచి ఎన్ని డిగ్రీలు పైన ఉన్నామో ఆ సంఖ్య. 10 డిగ్రీలు పైకి వెళితే స్నిగ్ధత దాదాపు 700 రెట్లు తగ్గుతుంది. 50 డిగ్రీలు పైకి వెళితే ఆ తగ్గుదల 38 కోట్ల రెట్లు. లవంలో ఇంత పెద్ద మార్పు ఉన్నప్పుడు స్థిరమైన ఉత్తేజన శక్తి అనే భావనే నిలవదు.

అధిశోషణం: కొన్ని గోడలకు పాలిమర్ గొలుసులు గట్టిగా అంటుకుంటాయి. అంటుకున్న గొలుసుల తోకలు ద్రవంలోని గొలుసులతో చిక్కుపడి, ద్రవాన్ని గోడకు కట్టేస్తాయి. తక్కువ ప్రతిబలం వద్ద జారుడు దాదాపు ఉండదు. ప్రతిబలం ఒక సంధి విలువను దాటితే ఆ తోకలు సాగి, చిక్కుల్లోంచి బయటపడతాయి. జారుడు ఒక్కసారిగా పెరుగుతుంది. బ్రోషార్, ద జెన్ 1992లో ఈ యంత్రాంగాన్ని వివరించారు. ఇటువంటి గోడల వద్ద జారుడు దూరం ప్రతిబలంతో కూడా మారుతుంది కనుక, (4)వ సమీకరణాన్ని ఒకే స్థిర విలువతో వాడకూడదు.

7. జారుడును కొలవడంలో ఒక మెళకువ

పరిశ్రమల్లో వాడే పద్ధతి మూనీ 1931లో ఇచ్చినది. ఒకే స్పర్శీయ ప్రతిబలం వద్ద వేరువేరు వ్యాసార్ధాలున్న సన్నని గొట్టాల గుండా ద్రవాన్ని పంపి, ప్రవాహ రేటు నుంచి దృశ్య వేగ ప్రవణతను లెక్కిస్తారు. జారుడు లేకపోతే అన్ని గొట్టాలకూ ఒకే విలువ రావాలి. జారుడు ఉంటే సన్నని గొట్టంలో ఎక్కువ విలువ వస్తుంది. దృశ్య వేగ ప్రవణతకూ, వ్యాసార్ధపు విలోమానికీ గ్రాఫు గీస్తే, ఆ రేఖ వాలు జారుడు వేగానికి నాలుగు రెట్లు.

ఇక్కడ ఉష్ణోగ్రత మరో దారిలో ప్రవేశించి మనల్ని తప్పుదారి పట్టించగలదు. చిక్కని ద్రవం వేగంగా ప్రవహించేటప్పుడు అంతర్ఘర్షణ వల్ల తనంతట తానే వేడెక్కుతుంది. ఈ వేడి లావు గొట్టంలో ఎక్కువగా నిలుస్తుంది. అక్కడ స్నిగ్ధత తగ్గి ప్రవాహం పెరుగుతుంది. అంటే జారుడు సన్నని గొట్టంలో ప్రవాహాన్ని ఎక్కువ చేసి చూపితే, ఈ స్వయంతాపనం లావు గొట్టంలో ఎక్కువ చేసి చూపుతుంది. రెండూ కలిస్తే నిజంగా ఉన్న జారుడు కప్పబడిపోతుంది. కొన్నిసార్లు గ్రాఫులో భౌతికంగా అర్థంలేని రుణ విలువలు కూడా వస్తాయి. అందుకే గొట్టం బయట ఉన్న ఉష్ణమాపకం చూపిన అంకెను ద్రవం ఉష్ణోగ్రతగా గుడ్డిగా రాసుకోకూడదు.

8. మళ్లీ డ్రిప్పు పైపు దగ్గరికి

మొదట చెప్పిన గరుకుదనానికి ఇప్పుడు వివరణ చూద్దాం. అచ్చు లోపల గోడను అంటిపెట్టుకుని దాదాపు నిలిచిపోయిన పొర, బయటికి రాగానే మిగతా ద్రవం వేగాన్ని ఒక్కసారిగా అందుకోవలసివస్తుంది. ఆ పొర తీవ్రంగా సాగి, క్రమమైన ఎడంతో చీలుతుంది. సరళ గొలుసుల పాలిథిలీన్‌లో గోడ వద్ద ప్రతిబలం సుమారు ఒక లక్ష పాస్కళ్ల స్థాయికి చేరినప్పుడు ఈ గరుకుదనం మొదలవుతుంది.

నివారణకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, అచ్చు పెదవి దగ్గర ఉష్ణోగ్రత పెంచడం. ప్రవాహ రేటు అంతే ఉంచితే స్నిగ్ధత తగ్గడం వల్ల ప్రతిబలం తగ్గి, సంధి విలువకు దిగువకు వస్తుంది. రెండోది, గోడ స్వభావాన్నే మార్చడం. పాలిథిలీన్‌లో పది లక్షల భాగాలకు కొన్ని వందల భాగాల ఫ్లోరోపాలిమర్ కలిపితే, అది క్రమంగా అచ్చు గోడకు పూతలా పట్టుకుంటుంది. గోడ ఘర్షణ పడిపోయి ద్రవం నిలకడగా జారుతుంది, పైపు నున్నగా వస్తుంది. మొదటి మార్గం ముఖ్యంగా (4)లోని లవం మీద పనిచేస్తే, రెండోది పూర్తిగా హారం మీద పనిచేస్తుంది.

9. సారాంశం

జారుడు దూరం అనేది స్నిగ్ధతకూ గోడ ఘర్షణ గుణకానికీ ఉన్న నిష్పత్తి. గొలుసుల చిక్కుల వల్ల పాలిమర్ ద్రవాల స్నిగ్ధత చాలా ఎక్కువ. గోడ ఘర్షణ మాత్రం గొలుసు పొడవుపై ఆధారపడదు. అందుకే వాటి జారుడు దూరం పెద్దది. ఉష్ణోగ్రత ఈ రెంటినీ తగ్గిస్తుంది. స్నిగ్ధతా ఉత్తేజన శక్తి ఎక్కువైతే జారుడు దూరం తగ్గుతుంది, గోడ ఉత్తేజన శక్తి ఎక్కువైతే పెరుగుతుంది. గాజు పరివర్తనకు దగ్గరలోనూ, గొలుసులు అంటుకునే గోడల వద్దా ఈ సరళ వివరణ చాలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక ద్రవానికి స్నిగ్ధతా ఉత్తేజన శక్తి, గోడ ఉత్తేజన శక్తి రెండూ మోల్‌కు 15 కిలోజౌళ్లే. 300 నుంచి 350 కెల్విన్‌కు వేడిచేస్తే జారుడు దూరం, స్థిర ప్రతిబలం వద్ద జారుడు వేగం ఎలా మారతాయి?
2. ఒకే ఉష్ణోగ్రత వద్ద, అంటుకోని గోడ మీద, పాలిమర్ అణుభారాన్ని రెట్టింపు చేస్తే జారుడు దూరం సుమారు ఎన్ని రెట్లవుతుంది?
3. మూనీ గ్రాఫులో రుణ విలువ వస్తే మీరు ముందుగా దేన్ని అనుమానించాలి?

జవాబులు

1. జారుడు దూరం మారదు. గోడ ఘర్షణ 0.42 వంతుకు తగ్గుతుంది కనుక జారుడు వేగం సుమారు 2.36 రెట్లవుతుంది.
2. స్నిగ్ధతతోపాటు అదీ పదిరెట్లకు కొంచెం పైన పెరుగుతుంది.
3. ప్రవాహంలో ద్రవం స్వయంగా వేడెక్కడాన్ని.